సూపర్‌హీరోల మధ్య హత్య జరిగితే హంతకుణ్ణి పట్టుకోవడం ఎంతసేపు?

అడిగినాయన ఇలా అడిగారు: "ఒకడు గాల్లో ఎగురుతాడు, ఇంకొకడు గోడ అవతలున్నది చూస్తాడు. ఇలాంటోళ్ళ కథలో హత్య మిస్టరీ ఏం పండుతుంది? పండినది మీరెవరైనా చదివారా?"

నేను చదివాను. సగమే చదివాను అనాలేమో. ఎందుకో చెప్తా.

శక్తులుంటే మిస్టరీ నిలవదనేది ఒట్టి మాట. గోడ అవతలకు చూపు పోతుంది గానీ, పక్కన కూర్చుని టీ తాగుతున్నోడి కడుపులోకి పోదు కదా. ఇంటి గుట్టు లంకకు చేటు అని మనోళ్ళు ఊరికే అన్లేదు.

పుస్తకం పేరు 'ఐడెంటిటీ క్రైసిస్'. 2004లో డీసీ కామిక్స్ వాళ్ళు ఏడు సంచికలుగా తెచ్చారు. రాసింది బ్రాడ్ మెల్ట్‌జర్, బొమ్మలు రాగ్స్ మొరాలెస్. మెల్ట్‌జర్ అప్పటికే థ్రిల్లర్ నవలలు రాసినవాడు, ఆ చెయ్యి తెలుస్తూనే ఉంటుంది. చనిపోయేది హీరో కాదు, హీరో భార్య స్యూ డిబ్నీ. మొగుడు రాల్ఫ్ ఒళ్ళు రబ్బరులాగా సాగే ఎలాంగేటెడ్ మ్యాన్. ఆ ఇంటికి వేరే గ్రహాల నుంచి తెచ్చిన కాపలా యంత్రాలు. తలుపు పగల్లేదు, అలారం మోగలేదు. అయినా మనిషి పోయింది. శవపరీక్ష చేసేది వెలుగులో చూపు ఆనక, చీకట్లో మాత్రమే చూడగలిగే డాక్టర్ మిడ్‌నైట్. ఆయనకు దొరికిన ఆనవాలేందో చెప్పను. హంతకుడి పేరైతే చచ్చినా చెప్పను.

అసలు దెబ్బ వేరేచోట ఉంది. జస్టిస్ లీగ్ అని ఈ హీరోల జట్టు. అందులోనే కొందరు గతంలో డాక్టర్ లైట్ అనే విలన్ మనసును మంత్రంతో మార్చేసి ఉంటారు. ఆ సమయానికి బ్యాట్‌మన్ వచ్చి అడ్డం పడితే, ఆయన జ్ఞాపకంలోంచి కూడా పది నిమిషాలు తుడిచేస్తారు. చేసింది శత్రువులు కాదు, పక్కన నిలబడి పోరాడే స్నేహితులే. ఏళ్ళ తరబడి ఏమీ జరగనట్టే ఆయన ముఖం చూసి మాట్లాడతారు. హత్య కంటే నాకు ఇదే ఎక్కువ భయం పుట్టించింది. హీరోలు ఏడవాలంటే ప్రతిసారీ ఒక ఆడమనిషి చావాల్నా అన్న కోపం మాత్రం ఆ పుస్తకం మీద నాకు ఇప్పటికీ పోలేదు.

ఇక సగమే ఎందుకు చదివాననేది.

2010లో అనంతపురం కమలానగర్‌లో ఒక మిద్దె మీది గదిలో నలుగురం ఉండేవాళ్ళం. గుత్తోడు, ఉరవకొండోడు, తాడిపత్రోడు, నేను. మాది కదిరి. గుత్తోడు ఏదో పరీక్షకని హైదరాబాదు పోయి, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఈ పుస్తకం కొనుక్కొచ్చాడు. (మా సీమ అంటే సినిమావాళ్ళకు సుమోలు, బాంబులే కనిపిస్తాయి. నాలుగు మంచాల మధ్య ఒక బొమ్మల పుస్తకం కోసం కొట్టుకున్నోళ్ళ మీద ఎవరన్నా సినిమా తీస్తారేమోనని నేను ఇంకా చూస్తానే ఉండా.)

పుస్తకం ఒకటి, మనుషులు నలుగురు. రాజు, మంత్రి, పోలీసు, దొంగ అని చీట్లు రాసి వేసుకున్నాం. గుత్తోడు రాజు, ఉరవకొండోడు మంత్రి, నేను పోలీసు, తాడిపత్రోడు దొంగ. ఆ వరసలో తలా రెండు రాత్రులు. అందరిదీ అయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. అయినాక కూర్చుని, ఎవరికి ఎక్కడ అనుమానం వచ్చిందో చెప్పుకోవాలి.

నా వంతు వచ్చింది. నాలుగో భాగంలో పేజీ తిప్పగానే అంచున నీలం రీఫిల్‌తో గీసిన బాణం. బాణం మొన ఒక ముఖం మీద ఉంది. పక్కన తెలుగులో 'దొంగ' అని రాసుంది. ఆ తర్వాతి సగం చదివినా చదివినట్టు కాదు.

సినిమా హాలు క్యూలో నిలబడినోళ్ళకు క్లైమాక్స్ చెప్పి నవ్వేవాళ్ళు ఉంటారే, మా ఉరవకొండోడు ఆ జాతి. మార్నింగ్ షో చూసి బయటికొస్తూ మ్యాట్నీ క్యూకు కథంతా అరిచి చెప్పినోడు. నా ముందు పుస్తకం ఉన్నింది కూడా వాని దగ్గరే. ఇంకేం సాక్ష్యం కావాల? ఆ రాత్రి కరెంటు పోయింది. కొవ్వొత్తి పెట్టుకుని నేనే విచారణ మొదలుపెట్టినా. పోలీసు చీటీ నాదే కదా.

"నీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గర ఉన్నింది రా?"

"నేను కాదప్పా. మీ కదిరి నర్సింహసామి మీద ఒట్టు."

మా సామి మీద దొంగ ఒట్టు పెడతావా అని నేను ఇంకా రెచ్చిపోయినా. తాడిపత్రోడు ఏమీ మాట్లాడకుండా కొవ్వొత్తి మైనం గోకుతూ కూర్చున్నాడు. వాడు గొడవలంటే భయపడేవాడు, అందుకే అనుకున్నా. నాలుగో రోజు ఉరవకొండోడు పరుపు చుట్టుకుని, స్టీలు బకెట్ తీసుకుని వెళ్ళిపోయాడు. వాని వంతు బియ్యం గదిలోనే వదిలేశాడు. మేం తిన్నాం.

ఆరేళ్ళకు గుత్తోని పెళ్ళి. తెల్లారి గుత్తి బస్టాండులో నేనూ తాడిపత్రోడూ ఉగ్గాని బజ్జీ తింటా ఉన్నాం. వాడు బజ్జీ తుంచి పొట్లంలోనే పెట్టేసి, "ఆ బాణం నేను గీసిందిరా" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. ఉరవకొండోని వంతులో ఒకరోజు వీడు జ్వరమని కాలేజీకి రాలేదు. పొద్దున ఇడ్లీ తెచ్చి తలగడ పక్కన పెట్టి పోయింది కూడా నేనే. పుస్తకం పక్క మంచం మీదే ఉన్నింది. వరసలో చివరోడు కాబట్టి వాణ్ణి ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు.

ఎందుకు చేసినావురా అంటే, వాడు తెలుగు మీడియం. ఆ ఇంగ్లీషు వానికి తలకెక్కలేదంట. చివరి భాగం బొమ్మలు చూసి దొంగెవరో మాత్రం కనిపెట్టాడు. నలుగురూ కూర్చుని చర్చ పెట్టుకుంటే తను ఏం మాట్లాడాల అని భయం. సస్పెన్స్ చచ్చిపోతే చర్చ ఉండదు కదా. ఆ పుస్తకంలో కూడా హత్యతో లాభం ఎవరికి అనే ప్రశ్నతోనే విచారణ నడుస్తుంది. మేం ఆ ప్రశ్న ఒక్కసారి కూడా వేసుకోలేదు. వేసుకున్నా వాని పేరు నా నోట వచ్చేది కాదు. నలుగురిలో నాకు ఎక్కువ దగ్గరోడు వాడే.

"ఉరవకొండోనికి చెప్పొద్దురా" అన్నాడు. సరే అన్నా. గుత్తోనికీ చెప్పలేదు.

ఆ తర్వాత ఉరవకొండోడు మళ్ళా కలిశాడు. ఇప్పుడు మాటలు బాగానే ఉన్నాయి. మొన్న ఉగాదికి ఫోన్ చేసి, పిల్లల సంగతులన్నీ అయినాక, "ఆ పుస్తకం ఎవరి దగ్గరుందప్పా, ఒకసారి ఆ రాత చూడాల" అన్నాడు.

మా బీరువాలోనే ఉంది. యాడ పోయిందో తెలీదన్నా.