నీళ్లలో పడిన వస్తువుల మీద వేలిముద్రలు దొరుకుతాయా?

దొరకవచ్చు. వేలి గీతల మీది సన్నని రంధ్రాల నుంచి వచ్చే చెమటలో దాదాపు అంతా నీరే. మిగిలినవి లవణాలు, అమైనో ఆమ్లాలు. అరచేతిలో నూనె గ్రంథులు ఉండవు. ముద్రలోని జిడ్డు ముఖాన్నో జుట్టునో తాకినప్పుడు అంటుకున్నదే. వస్తువు నానితే లవణాలు, అమైనో ఆమ్లాలు కరిగిపోతాయి, జిడ్డు మిగులుతుంది. ముఖం తుడుచుకున్న చేయి దర్యాప్తు అధికారికి వరమన్నమాట!

కాగితం మీద ముద్రలకు సాధారణంగా నిన్‌హైడ్రిన్ అనే రసాయనం వాడతారు. అది అమైనో ఆమ్లాలతో కలిసి ఊదా రంగు తేలుస్తుంది. తడిసిన కాగితంలో అవి ఉండవు కనుక కొవ్వుకు పట్టే ఆయిల్ రెడ్ ఓ అనే రంగు, లేదా ముద్రపై వెండి రేణువులు పేరుకునేలా చేసే ఫిజికల్ డెవలపర్ అనే ద్రావణం కావాలి. తడవని కాగితానికైతే వరుస తప్పకూడదు: ముందు నిన్‌హైడ్రిన్, చివర ఫిజికల్ డెవలపర్. తారుమారైతే ఫిజికల్ డెవలపర్ ద్రావణాలే అమైనో ఆమ్లాలను కడిగేస్తాయి.

గాజు, లోహం తడిగా ఉండగానే బ్రష్‌తో పౌడర్ వేస్తే ముద్దకట్టి గీతలు పూడిపోతాయి. గది ఉష్ణోగ్రతలో ఆరనివ్వాలి, హెయిర్ డ్రయర్ వద్దు. ఆరబెట్టే వీల్లేకపోతే మాలిబ్డినమ్ డైసల్ఫైడ్ రేణువులు కలిపిన డిటర్జెంట్ నీటిని పిచికారీ చేసి, మెల్లగా కడుగుతారు. రేణువులు జిడ్డును పట్టుకుంటాయి.

ముద్ర గీతలపై తెల్లగా గట్టిపడే సూపర్ గ్లూ ఆవిరి తడవని ప్లాస్టిక్‌కు బాగా పనిచేస్తుంది: మూసిన పెట్టెలో సుమారు 80 శాతం తేమ ఉండాలి. నానిన వస్తువుపై ఫలితం తగ్గుతుంది. ఎక్కువసేపు ఉంచితే నేపథ్యం కూడా తెల్లబడి ముద్ర కనబడదు.

పద్ధతి ఏదైనా, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. పౌడర్ ముద్రను ఎత్తి తీసే టేపు అంటించేది ఆ తర్వాతే. టేపు లాగేటప్పుడు చిరిగిందంటే ఇక ఆ ఫొటోయే దిక్కు.