ప్రపంచ పౌరులమనుకుంటే సొంత సంస్కృతికి దూరమైనట్టేనా?

ప్రపంచ సమాజంలో భాగమని భావించేవారు తమ సంస్కృతిని వదులుకున్నట్టేనా అన్న ప్రశ్నకు నా సమాధానం, కాదనే. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు గ్రీకు తత్త్వవేత్త డయోజెనీస్‌ను నీది ఏ ఊరని అడిగితే, తాను ప్రపంచ పౌరుడినని బదులిచ్చాడని చెబుతారు. సొంత నగరం నుంచి బహిష్కృతుడైన ఆయన మాటలో గర్వంతో పాటు నిష్ఠూరమూ ఉండి ఉండవచ్చు.

సంస్కృతి మనం ఎంచుకోకముందే మనలో చేరుతుంది. రోజంతా పరాయి భాషలో పనిచేసే మనిషి కూడా డబ్బు లెక్కపెట్టేటప్పుడో, కాలికి దెబ్బ తగిలినప్పుడో చిన్ననాటి భాషలోకే జారిపోతాడు. వ్యక్తిగత గుర్తింపు మాత్రం ఆ పునాదిపై వృత్తి, నమ్మకాలు, స్నేహాలు, వలసలు కలిసి ఏర్పడేది కనుక జీవితాంతం మారుతూనే ఉంటుంది. తల్లిదండ్రుల దేశానికి వెలుపల పెరిగిన పిల్లలను అమెరికన్ సామాజికవేత్త రూత్ హిల్ యూసీమ్ 1950లలో ‘మూడో సంస్కృతి పిల్లలు’ అన్నారు. అనేక చోట్ల చనువున్నా, ‘మీది ఎక్కడ?’ అన్న చిన్న ప్రశ్న దగ్గర వీరు తరచూ ఒక క్షణం ఆగుతారు.

చట్టం దృష్టిలో ప్రపంచ పౌరసత్వమంటూ ఏదీ లేదు. 1948 నాటి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన 15వ అధికరణంలో జాతీయత హక్కును, 27వ అధికరణంలో సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కును ప్రతి ఒక్కరికీ గుర్తించింది.