బ్యాటరీ పోతే వాచీ పోయినట్టు కాదండి

మీరు అడిగింది ఇదీ: ఆరేళ్ల నాటి జీపీఎస్ వాచీ, పరుగు మొదలుపెట్టిన గంటకే ఆగిపోతోంది, కంపెనీ వాళ్లు కొత్తది కొనుక్కోమంటున్నారు, బాగు చేయించడం దండగా అని. దండగ కాదండి. నాకూ సరిగ్గా ఇలాగే జరిగింది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువులు చేస్తాం. 2017లో షుగరు బోర్డర్లో ఉందని డాక్టరు గారు చెప్పారు, ఆ తర్వాత నెలకి మా బావమరిది అమెరికా నుంచి వస్తూ ఈ వాచీ తెచ్చి చేతికి పెట్టాడు. అప్పటి నుంచి తెల్లవారుజామున చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు చూసుకుని, చెరువు గట్టు మీద మొదలుపెట్టి కాలువ గట్టు పట్టుకుని పరిగెడతాను. మొదట్లో రెండు కిలోమీటర్లకే గుండె గొంతులోకి వచ్చేది. రెండేళ్లకి 21 కిలోమీటర్లు ఆగకుండా వెళ్లగలిగాను. షుగరు అదుపులోకి వచ్చింది. వాన పడ్డ రోజులు, మానేద్దామనుకున్న రోజులు, అన్నీ ఆ వాచీతోనే. అలాంటి దాన్ని పక్కన పడేసి కొత్తది తీసుకోండి అంటే నాకు కోపం వస్తుంది.

2022 మే నెలలో ఒక ఆదివారం పాలకొల్లులో మా చెల్లెలి ఇంటి దగ్గర బండి పెట్టి దిండి వైపు బయల్దేరాను. బయల్దేరేటప్పుడు ఛార్జింగ్ నూటికి నూరు. చించినాడ వంతెన ఎక్కేటప్పటికి 41 చూపించింది, సరే ఇంటికి చేరిపోతాం అనుకున్నాను. వశిష్ఠ గోదావరి మీద గాలి ఎదురు కొడుతోంది, కింద పడవల వాళ్లు వలలు తీస్తున్నారు, నది మధ్యకి వచ్చేసరికి వాచీ ఒక్కసారి జర్రుమని తెర నల్లబడింది. 41 నుంచి సున్నా! మధ్యలో 30 లేదు, 20 లేదు. అంతకు ముందు నెలలో కూడా రెండు సార్లు ఇలా అయ్యింది గానీ ఛార్జింగ్ సరిగ్గా పెట్టలేదేమో అనుకున్నాను.

దీనికి కారణం తర్వాత తెలిసింది. మీ ట్రాక్టరు బ్యాటరీ పాతబడితే ఏమవుతుంది? లైటు వెలుగుతుంది, హారన్ మోగుతుంది, సెల్ఫ్ కొట్టగానే మొత్తం పడిపోతుంది. ఇదీ అంతే. లిథియం సెల్లు పాతబడితే దాని లోపలి నిరోధం పెరుగుతుంది. మామూలుగా టైము చూసుకోవడానికి సరిపోతుంది. జీపీఎస్ పెట్టగానే ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజీ ఒక్కసారిగా దిగిపోతుంది, వాచీ తనని తాను ఆపేసుకుంటుంది. శాతం అంకె అప్పుడు నమ్మదగింది కాదు. మామూలు లిథియం సెల్లు మూడు వందల నుంచి ఐదు వందల సార్లు పూర్తిగా ఛార్జ్ చేసి వాడేసరికి బాగా నీరసపడుతుంది. దానికి తోడు వేడి. నేను చేసిన తప్పు కూడా ఇదే: పరుగయ్యాక మోటారు షెడ్డులో రేకు కింద ఛార్జింగ్ పెట్టి, మధ్యాహ్నం దాకా అలాగే వదిలేసేవాణ్ణి. నిండిపోయిన సెల్లుని వేడిలో ఉంచడం కంటే దానికి చేటు ఇంకోటి లేదు. మీరు ఎండాకాలంలో ఇంట్లో చల్లగా ఉన్న చోట పెట్టండి, నిండగానే తీసేయండి.

సర్వీస్ సెంటరుకి తీసుకెళ్లాను, ఏ కంపెనీదో చెప్పను. ఆ అబ్బాయి వాచీని చేత్తో పట్టుకోకుండానే, ఈ మోడల్‌కి బ్యాటరీ రాదండి, పాతది ఇచ్చేస్తే కొత్తదాని మీద తగ్గింపు ఇస్తాం అన్నాడు. నేను అడిగింది తగ్గింపు కాదు కదా! మా చెరువుల మీద ఏరేటర్ మోటారు కాలిపోతే కొత్త మోటారు కొంటామా? భీమవరం పట్టుకెళితే రీవైండింగ్ చేసి సాయంత్రానికి ఇచ్చేస్తారు, బేరింగులు కూడా మార్చి. అర్ధరాత్రి మోటారు ఆగితే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి, అందుకని ఇక్కడ బాగు చేసేవాళ్లకి ఇంజనీరుకిచ్చినంత గౌరవం ఇస్తాం. ఆ వాచీ కంపెనీకి మాత్రం ఒక్క సెల్లు మార్చడం చేతకాదంటే నేను ఒప్పుకోను. చేతకాక కాదు, ఇష్టం లేక.

భీమవరంలో రెండు మొబైల్ షాపుల వాళ్లు మేం తెరవలేం అన్నారు. చివరికి పాలకొల్లులో మా చెల్లెలే చెప్పింది, వాచీలు బాగు చేసే పెద్దాయన ఉన్నారని. డెబ్బై దాటి ఉంటాయి ఆయనకి, కంటికి భూతద్దం పెట్టుకుని తిప్పి తిప్పి చూశారు. ‘‘అబ్బాయ్, మూత తీసి మళ్లీ నీళ్లు పోకుండా బిగించడం నా పని. లోపల కరెంటు జోలికి నేను వెళ్లను, వీణ్ణి పిలుద్దాం’’ అని పక్క కొట్లో సెల్‌ఫోన్ బోర్డులు చేసే కుర్రాణ్ణి పిలిచారు. సంక్రాంతి వెళ్లిన వారం అది, 2023. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు, నేను ఎదురుగా స్టూలు మీద.

వెనక నాలుగు చిన్న స్క్రూలు, నక్షత్రం తల, వాటికి టీ5 బిట్టు కావాలి. చెమట ఉప్పుకి ఒకటి పట్టేసింది. పెద్దాయన ఒక చుక్క నూనె వేసి పది నిమిషాలు ముట్టుకోలేదు, నాకేమో టెన్షన్. తర్వాత వేళ్లతో ఎంత మెల్లగా తిప్పారంటే, బిట్టు కదులుతోందో లేదో కూడా తెలియలేదు. మూత లేచింది. లోపల వెండి రంగు సెల్లు, మధ్యలో దిండులా ఉబ్బి ఉంది. కుర్రాడు వెంటనే ‘‘బాబాయ్ గారూ, దీన్ని ఇంకొన్నాళ్లు ఇలాగే ఛార్జ్ చేసుంటే తెర పగిలిపోయేదండి’’ అన్నాడు. దాని కింద బంక టేపు. ఇనప పుల్ల పెట్టి లేపితే చిల్లు పడి అంటుకుంటుందని, గేలానికి కట్టే సన్నని నైలాన్ దారం సెల్లు కింద దూర్చి అటూ ఇటూ కోసినట్టు లాగాడు. పక్కన ఇసుక పోసిన డబ్బా పెట్టుకునే చేశాడు. ఆ జాగ్రత్త చూశాక నాకు వాడి మీద పూర్తిగా నమ్మకం కుదిరింది.

సెల్లు మీద మామూలుగా ఆరంకెలు ఉంటాయి, అది చాలామందికి తెలియదు. ఉదాహరణకి 402025 అని ఉంటే మందం 4 మిల్లీమీటర్లు, వెడల్పు 20, పొడవు 25. కంపెనీ పేరు అవసరం లేదు, ఆ అంకెలూ, 3.7 వోల్టులూ చాలు. అంతే మందం లేదా తక్కువ ఉన్నది తెప్పించుకోవాలి, ఎక్కువ ఉన్నది కుక్కితే తెరని తోసేస్తుంది. ఇంటర్నెట్‌లో అదే సైజులో రెట్టింపు ఎంఏహెచ్ (అంటే ఛార్జ్ పట్టే సామర్థ్యం) అని అమ్మేవాళ్లున్నారు, నమ్మకండి, అంత చోటులో అంత పట్టదు. నాకు వారం పట్టింది రావడానికి. ఎరుపు, నలుపు వైర్లు పాత వాటి స్థానంలోనే, సెల్లుకి ఉండే చిన్న రక్షణ బోర్డు మీద టంకం పెట్టాలి గానీ నేరుగా సెల్లు మీద పెట్టకూడదు, ఆ వేడికి లోపల పాడవుతుంది. మూత బిగించేటప్పుడు పెద్దాయన పాత రబ్బరు రింగు తీసి, శుభ్రం చేసి, బి-7000 గమ్ము సన్నగా రాసి ఒక రోజు బరువు కింద ఉంచారు. సెల్లు 450, ఇద్దరి కూలీ కలిపి 600. వెయ్యీ యాభై రూపాయలు! పైన ఇంకో వంద ఇస్తే పెద్దాయన తీసుకోలేదు.

ముందు గంటకి పైన ఆగేది, ఇప్పుడు జీపీఎస్ మీద ఏడు గంటల పైనే వస్తోంది. మొదట ఒకసారి నిండుగా ఛార్జ్ చేసి, ఆగిపోయేదాకా వాడి, మళ్లీ నిండుగా పెట్టాను. ఆ తర్వాత శాతం అంకె కూడా దారిలోకి వచ్చింది.

అయితే తెరిచే ముందు మీరు ఒకటి చూసుకోవాలి, కొందరికి జబ్బు బ్యాటరీలో ఉండదు. వెనక ఛార్జింగ్ పిన్నులు చూడండి. మా వైపు ఉక్కపోత, చెమట, ఉప్పుగాలి, అన్నీ కలిసి ఆ పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది, రాత్రంతా పెట్టినా సగమే ఎక్కుతుంది. మొబైల్ షాపులో ఐపీఏ లిక్విడ్ (శుభ్రం చేసే ఐసోప్రొపైల్ ఆల్కహాల్) దొరుకుతుంది, మెత్తటి టూత్ బ్రష్‌తో రుద్ది పూర్తిగా ఆరనివ్వండి. ఫోన్ నోటిఫికేషన్లు, పగలంతా గుండె కొట్టుకోవడం లెక్కపెట్టే సెన్సరు ఆపి చూడండి. జీపీఎస్‌తో పాటు గ్లోనాస్ (జీపీఎస్ లాంటిదే, రష్యా వాళ్ల ఉపగ్రహాలది) కూడా పెట్టి ఉంటే ఒక్క జీపీఎస్ ఉంచండి. కొబ్బరి తోటల కింద కొంచెం గీత వంకర పోతుంది, కాలువ గట్టు మీద ఆకాశం బోర్లించిన గిన్నెలా కనిపిస్తుంటే రెండో దాని అవసరం లేదు. ఇవన్నీ చేసినా గంటకే చస్తుంటే సెల్లే. వెనక మూత లేచినట్టు గానీ తెర ఒక పక్క పొంగినట్టు గానీ ఉంటే ఇవాళ్టి నుంచే ఛార్జింగ్ పెట్టకండి.

తీసిన పాత సెల్లుని చెత్తబండిలో వేయకండి, నలిగితే మంటలు వస్తాయి. కాలువలో అసలు వేయకండి, ఈ మాట కోపంగానే రాస్తున్నాను. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ధవళేశ్వరం నీళ్లే మా పొలాలకి, అవే ఊరి చెరువుల్లో నింపుకుని తాగుతాం. పొద్దున్నే పరిగెడుతుంటే గట్టు మీద నుంచి సంచులు సంచులు విసిరేసేవాళ్లు కనిపిస్తారు, అందులో రిమోట్ సెల్లులు, ఛార్జర్లు, అన్నీ. నేను నా పాతది ఆ కుర్రాడి దగ్గరే వదిలేశాను, వాడు ఈ-వేస్ట్ తీసుకునే వాళ్లకి ఇస్తాడు.

ఐరోపా యూనియన్ వాళ్లు 2023లో చట్టం చేశారు, కొన్ని మినహాయింపులు ఉన్నా, 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే వస్తువుల్లో చిన్న బ్యాటరీలు వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలని. మన దగ్గర 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (బాగు చేయించుకునే హక్కు) పోర్టల్ తెరిచారు, మంచిదే. కానీ పోర్టల్ స్క్రూ విప్పదు కదండీ. పాలకొల్లు పెద్దాయన కొడుకు హైదరాబాదులో ఉద్యోగం, ఆ పని నేర్చుకునేవాళ్లు లేరు. ఆ చేతులు ఉండగానే మన వస్తువులు ఆయన దగ్గరికి తీసుకెళ్లాలి.

మీరు గోదావరిలో ఈదడానికి కూడా ఈ వాచీయే వాడతానంటే మాత్రం నేను కొత్తది కొనమంటాను. ఒకసారి తెరిచాక నీళ్లని ఎంత తట్టుకుంటుందో చెప్పే 5 ఏటీఎం అని వెనక రాసి ఉన్నది ఇక లెక్కలోకి రాదు. నేను వానలో పెట్టుకుంటాను, చెరువులో దిగేటప్పుడు తీసేస్తాను. లోపల బోర్డు మీద చిలుము పాకినా, తెర పగిలినా కూడా డబ్బు పెట్టకండి. మిగతా అన్నిటికీ బాగు చేయించుకోండి అనే నా మాట. తెరిపించే ముందు పాత పరుగుల రికార్డులన్నీ కంప్యూటర్లోకి దించుకోండి.

మూత తీశాక సెల్లు మీద ఉన్న ఆరంకెలు ఇక్కడ రాయండి. పాలకొల్లులో ఆయన సోమవారం కొట్టు తెరవరు, మంగళవారం వెళ్లి కుర్రాణ్ణి అడిగి, ఆ సైజు దొరుకుతుందో లేదో చెబుతాను.