పై చదువు వల్ల లాభం ఎవరికి?

ఒకరు డిగ్రీ చేస్తే లాభం వాళ్లకేనా, సమాజానికి కూడానా? దేశాన్ని బట్టి జవాబు మారడానికి కారణం లెక్కలు తక్కువ, విలువలు ఎక్కువ.

ఫిన్లాండ్, నార్వేలలో యూనివర్సిటీని రోడ్డు, మంచినీళ్ల లాగే చూస్తారు. అందరూ పన్ను కడతారు, స్థానిక విద్యార్థులకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు. ఇంగ్లండ్‌లో మాత్రం లాభపడేవాళ్లే కట్టుకోవాలన్న ఆలోచన బలపడింది. 1998లో ఏడాదికి 1,000 పౌండ్లతో మొదలైన ఫీజు 2012కి 9,000 దాకా పోయింది.

నాకు జర్మనీ సంగతే ఆసక్తిగా అనిపిస్తుంది. 2006 నుంచి కొన్ని రాష్ట్రాలు సెమిస్టర్‌కు దాదాపు 500 యూరోల ఫీజు పెట్టాయి. ఇంగ్లండ్‌తో పోలిస్తే ఇదేం పెద్ద మొత్తం కాదు. అయినా విద్యార్థులు రోడ్డెక్కారు, ఎన్నికల్లో అది అంశమైంది, 2014కల్లా అన్ని రాష్ట్రాలూ ఎత్తేశాయి. అక్కడ గొడవ డబ్బు గురించి కంటే చదువు హక్కా, సరుకా అన్నదాని గురించే అని నా అభిప్రాయం.

అలాగని చదువుకు గౌరవమిచ్చే ప్రతి సమాజమూ దాన్ని ఉమ్మడి ఆస్తి అనుకోదు. దక్షిణ కొరియాలో చదువంటే ప్రాణం పెడతారు, కానీ పిల్లల్ని చదివించడం ఇంటి బాధ్యతగా చూస్తారు. ఖర్చులో పెద్ద వాటా తల్లిదండ్రులదే.