గోడలన్నీ ఒకేలా ఉంటే దారి ఇలా పట్టుకోండి

‘ఐ ఆఫ్ ది బిహోల్డర్’లో ఎటు వెళ్లినా మళ్లీ అక్కడికే వస్తున్నానన్నారు కదా, తప్పు మీది కాదు. నేలమాళిగల్లో తిరిగే 1991 నాటి ఆ కంప్యూటర్ గేమ్‌లో మ్యాప్ ఉండదు, మనమే గీసుకోవాలి. గళ్ల కాగితం తీసుకోండి. ఒక అడుగుకి ఒక గడి. తెర మీది కంపాస్‌ను మాత్రం వదలొద్దు. ఇలాంటి గేముల్లో కొన్ని గడులు చడీచప్పుడు లేకుండా మనల్ని వేరే దిక్కుకు తిప్పేస్తాయి. అనుమానం వచ్చిన చోట ఒక రాయి పడేయండి. పడేసింది అక్కడే ఉంటుంది. మళ్లీ అదే రాయి ఎదురైతే, గుండ్రంగా తిరుగుతున్నట్టే.

నా లెక్కల నోట్‌బుక్ వెనక పేజీలన్నీ ఈ నేలమాళిగలే! మీటకి చిన్న బాణం, తాళం తలుపుకి అడ్డగీత. ఒక మూల మాత్రం పెన్సిల్ గీతలు చెరిపి చెరిపి చిరిగిపోయింది.

అన్నట్టు, పాత గేముల్ని ఇప్పటి కంప్యూటర్లలో ఆడించే డాస్‌బాక్స్ ప్రోగ్రామ్‌లో గేమ్ మరీ వేగంగా పరిగెడితే కంట్రోల్, ఎఫ్11 కలిపి నొక్కండి, నెమ్మదిస్తుంది.