మ్యాట్రిమొనీకి కట్టాలా, డేటింగ్ యాప్‌కి కట్టాలా? నేను రెండింటికీ కట్టాను

మీ ప్రశ్న ఇదీ: వయసు 33, విడాకులయ్యాయి, హైదరాబాద్‌లో ఉద్యోగం, మ్యాట్రిమొనీ సైట్‌కి వేలు కట్టడం మంచిదా లేక డేటింగ్ యాప్ సరిపోతుందా, దేంట్లో ఏముంది, ఎంతవుతుంది అని. నాకు 35, మిగతాదంతా మీ కథే. మాది భీమవరం, ఉండేది కూకట్‌పల్లి. ఏడాదిన్నర రెండింట్లోనూ ఉన్నాను, పెట్టిన ప్రతి రూపాయీ ఫోన్‌లో రాసుకున్నాను, మా అమ్మ పాల లెక్క క్యాలెండర్ మీద రాసినట్టు.

మ్యాట్రిమొనీ ముందు చెప్తాను, ఎక్కువ డబ్బు పోయింది అక్కడే కాబట్టి. ప్రొఫైల్ పెట్టడానికి నేను చూసిన ఏ సైట్‌లోనూ డబ్బక్కర్లేదు. కులం, గోత్రం, నక్షత్రం, పాదం, జీతం, విడాకులు వచ్చేశాయా ఇంకా కేసు నడుస్తోందా, పిల్లలున్నారా, అన్నీ నింపాలి. 'ఆసక్తి ఉంది' అని పంపడం కూడా ఉచితమే. అవతలివాళ్ళు సరే అన్నాక ఫోన్ నంబర్ చూడాలన్నా, చాలాచోట్ల మాట్లాడాలన్నా అక్కడ గేటు పడుతుంది. నేను చూసినంతలో జీవన్‌సాథీ ఒక్కటి చాట్‌ని ఉచితం చేసింది, అది మాత్రం మెచ్చుకోవాలి. నేను కట్టింది వేరే సైట్‌లో లెండి, పేరెందుకు. మూడు నెలల ప్లాన్, 40 ఫోన్ నంబర్లు చూడొచ్చు అన్నారు. మొదట ఫోన్‌లో చెప్పిన ధర 6 వేల పైన. నేను ఆలోచిస్తానని పెట్టేస్తే మర్నాడు ఇంకో అమ్మాయి ఫోన్ చేసి 'మేడమ్, ఈ రోజే ఆఖరు' అంటూ తగ్గించింది, వారం తర్వాత ఇంకా తగ్గించింది, చివరికి 3,900కి కట్టాను. కాబట్టి మొదటి ఫోన్‌కే కట్టకండి, ఆ ఆఖరు రోజు ప్రతి వారం వస్తుంది.

40 నంబర్లలో నేను తెరిచింది 22. అందులో అయిదు అసలు మోగలేదు. రెండిట్లో 'పెళ్ళయిపోయిందండీ, ప్రొఫైల్ తీయడం మర్చిపోయాం' అన్నారు. నాలుగు ఫోన్లు నాన్నలు ఎత్తారు, అబ్బాయికి 38 అయినా సరే. ఒక పెద్దాయన నా పాత పెళ్ళి ఎందుకు చెడిందో నిమిషంలో చెప్పమన్నాడు, టీవీలో వార్త అడిగినట్టు. మోగని నంబర్లకు బదులు నంబర్లు ఇవ్వమని మెయిల్ పెడితే జవాబు రాలేదు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి, ఎత్తినవాళ్ళంతా పెళ్ళి కోసమే ఎత్తారు, ఆ విషయంలో టైమ్ వేస్ట్ లేదు. ఇంకా పై మెట్టు ఉంది, వాళ్ళ మనిషే మనకోసం సంబంధాలు వెతికి పెడతానంటుంది, 20 వేల దగ్గర మొదలైంది నాకు చెప్పిన రేటు. ఆ డబ్బుతో భీమవరంలో పేరయ్యగారు నయం, ఆయన పెద్ద మొత్తం పుచ్చుకునేది సంబంధం కుదిరాకే.

ఇక డేటింగ్ యాప్‌లు. టిండర్, హింజ్, ఓకేక్యుపిడ్ మూడూ మ్యాచ్ గ్రూప్ అనే ఒకే కంపెనీవి, బంబుల్ వేరే. వీటి మధ్య తేడా డబ్బులో కంటే పద్ధతిలో ఉంది. టిండర్‌లో ఫొటో చూసి కుడికో ఎడమకో తోయడమే, జనం ఎక్కువ, చెత్తా ఎక్కువే. బంబుల్‌లో అబ్బాయీ అమ్మాయీ జోడీ కలిస్తే మొదటి మాట అమ్మాయిదే, 24 గంటల్లో మాట్లాడకపోతే ఆ జోడీ పోతుంది. ఆఫీసులో నెలాఖరు పనిలో ఉండి నేను ముగ్గుర్ని అలాగే పోగొట్టుకున్నాను. తర్వాత 2024లో, ముందే ఒక ప్రశ్న పెట్టి ఉంచితే అబ్బాయిలే దానికి జవాబిచ్చేలా మార్చారు, నాకు అదే హాయి. హింజ్‌లో ఫొటోలతో పాటు చిన్న చిన్న ప్రశ్నలకు జవాబులు రాయాలి, లైక్ కొట్టేవాళ్ళు ఫలానా ఫొటోకో ఫలానా జవాబుకో కొట్టాలి, ఉచిత ఖాతాకు రోజుకు 8 లైకులే. ఆ 8 అనేది మనకు మేలు, ఆలోచించి కొడతారు. తెలుగువాళ్ళ కోసమే 'నీతో' అని ఐల్ అనే మన దేశపు కంపెనీ ఒక యాప్ తెచ్చింది, నేనుండగా అందులో జనం పల్చగా కనిపించారు. అమెరికాలో ఉన్న మా అక్క స్నేహితురాలు ఫేస్‌బుక్ డేటింగ్ వాడింది, పైసా ఖర్చు లేదట, కానీ అది ఇండియాలో లేదు.

డబ్బు కడితే వచ్చేవి ఎక్కడైనా దాదాపు ఒకటే: మిమ్మల్ని ఎవరు లైక్ చేశారో మసక తీసి చూపించడం, లెక్కలేనన్ని లైకులు, మీ ప్రొఫైల్ కాసేపు పైకి లేపడం, వేరే ఊళ్ళో వెతకడం. ఇవన్నీ అబ్బాయిలకు అమ్మే సరుకు. మా పిన్ని కొడుకు టిండర్‌లో గోల్డ్ అనే ప్లాన్ కట్టి కూర్చుంటే వారానికి నాలుగు లైకులు వచ్చాయి వాడికి. నేను ఉచిత ఖాతాలో రెండు రోజుల్లో వందకు పైగా చూసి భయపడి ఫోన్ బోర్లా పెట్టాను. వాడు 'అక్కా, నా డబ్బులు నువ్వు తీసుకుని నీ లైకులు నాకియ్యి' అన్నాడు. హింజ్‌లో అయితే వచ్చిన లైకులు ఉచితంగానే ఒక్కొక్కటీ చూసుకోవచ్చు.

మరి నేను ఎందుకు కట్టానంటే, కనపడకుండా ఉండటానికి. టిండర్‌లో ఇన్‌కాగ్నిటో అని ఉంది, మీరు లైక్ చేసినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ మీ ప్రొఫైల్ కనపడదు. బంబుల్‌లోనూ ఉంది. రెండు చోట్లా డబ్బు కడితేనే. విడాకులయిన ఆడదాని ఫొటో డేటింగ్ యాప్‌లో మేనమామ కొడుక్కి కనిపిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. టిండర్‌లో ఫోన్‌బుక్‌లో ఉన్న నంబర్లను బ్లాక్ చేసుకునే వీలు ఉచితంగానే ఉంది, అది ముందు చెయ్యండి. కానీ మీ దగ్గర నంబర్ లేని చుట్టాల సంగతో? సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు బుద్ధి లేక యాప్ తెరిచాను. అది మనమున్న చోటు చుట్టూనే వెతుకుతుంది కదా, కోడిపందేలకు హైదరాబాద్, బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళతో భీమవరం మొత్తం అందులోనే ఉంది, ఇంటర్‌లో నా క్లాస్‌మేట్లు ఇద్దరితో సహా. ఆ రాత్రే నెల ప్లాన్ కట్టాను, 700 చిల్లర.

ధరల గురించి నన్ను ఖచ్చితమైన అంకె అడక్కండి, ఎందుకంటే మనిషికో ధర. నా ఫోన్‌లో, మా తమ్ముడి ఫోన్‌లో పక్కపక్కన పెట్టి చూస్తే ఒక యాప్‌లో అదే ప్లాన్‌కి 200కు పైగా తేడా వచ్చింది. ఇది మా ఒక్కరి గోల కాదు. 2015లో అమెరికాలో టిండర్ ప్లస్ అనే డబ్బు ప్లాన్ పెట్టినప్పుడు 30 లోపు వాళ్ళకు నెలకు 9.99 డాలర్లు, 30 దాటితే 19.99. అది వయసు వివక్షేనని 2018లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు అంది. 2022లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వాళ్ళ మొజిల్లా, వినియోగదారుల సంఘాల సమాఖ్య కన్స్యూమర్స్ ఇంటర్నేషనల్ కలిసి ఇండియాతో సహా ఆరు దేశాల్లో చూస్తే టిండర్‌లో ఒకే ప్లాన్‌కి రకరకాల ధరలు తేలాయి. వయసును బట్టి ధర మానేస్తామని అదే ఏడాది టిండర్ ప్రకటించింది. మీకు కనిపించిన ధర నచ్చకపోతే యాప్‌లోనూ, కంప్యూటర్‌లో వాళ్ళ సైట్‌లోనూ రెండూ చూడండి, వారం ఆగి మళ్ళీ చూడండి. 'నెలకు ఇంతే' అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఆరు నెలలదీ ఒకేసారి లాగుతారు, ఆ చిన్న అక్షరాలు చదవండి.

ఫోన్‌లోంచి యాప్ తీసేసినా నెలనెలా పడే డబ్బు కోత ఆగదు. మా తమ్ముడు గోల్డ్ ప్లాన్ రద్దు చేయకుండా యాప్ డిలీట్ చేసి రెండు నెలలు ఊరికే కట్టాడు. కోతకు 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంక్ నియమం, వాడికీ వచ్చింది, లోన్ల మెసేజ్‌ల మధ్య చూసుకోలేదు. కట్టిన రోజే ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసెయ్యండి, నెల పూర్తయ్యేదాకా ఎలాగూ పనిచేస్తుంది. యూపీఐతో కట్టి ఉంటే ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో ఆటోపే అని ఉంటుంది, అందులో కూడా రద్దయిందో లేదో చూడండి.

ఫొటోలో ఉన్నది తనేనని యాప్ సరిచూసి ఇచ్చే ఫొటో వెరిఫికేషన్ టిక్ లేనివాళ్ళతో నేను మాట్లాడలేదు. విదేశంలో ఉన్నానంటూ కస్టమ్స్‌లో గిఫ్ట్ ఆగిందనేవాళ్ళు, క్రిప్టో నేర్పిస్తాననేవాళ్ళు రెండు చోట్లా తగులుతారు, మ్యాట్రిమొనీలో ఉన్నాడు కదా పెళ్ళికొడుకేలే అనుకోకండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, గంటలు గడిచేకొద్దీ దొరకదు. మగవాళ్ళకు ఇంకో రకం ఉంది, అమ్మాయి తనే పబ్‌కి రమ్మని వేల రూపాయల బిల్లు చేయించి మాయమవడం, 2024లో హైదరాబాద్‌లోనే అలాంటి ముఠాను పోలీసులు పట్టుకున్నారు.

మీ స్థానంలో నేనైతే మొదటి నెల హింజ్ ఉచితంగా, మ్యాట్రిమొనీలో ఉచిత ప్రొఫైల్, ఫొటో నేను ఒప్పుకున్నవాళ్ళకే కనపడేలా. ఊరెళ్ళేటప్పుడు ఇన్‌కాగ్నిటో ఒక్క నెల. అంతకు మించి ఇప్పుడే వద్దు.

నా లెక్క మొత్తం 6,100 దాటలేదు. ప్లాన్లన్నీ అయిపోయాయి, మళ్ళీ కట్టలేదు. మూడు నెలలుగా ఒకాయనతో మాట్లాడుతున్నాను, ఆయన హింజ్‌లో రోజుకు 8 లైకుల బాపతు, నేను పెసరట్టులో ఉప్మా వద్దని రాస్తే దాని మీద గొడవకి వచ్చాడు. అమ్మకింకా చెప్పలేదు.