యూజర్లందరినీ పుట్టించకు, అమ్మడూ

వెస్ట్ మాంబళం, చెన్నై
ఆదివారం

అమ్మడూ,

నిన్న రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన మెయిల్ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. మీ అమెరికా క్లయింటుకి రెండో పేరాలో, ఈ మార్పు వల్ల యూజర్లందరి మీదా ప్రభావం పడుతుందని చెప్పబోయావు. అక్కడ అఫెక్ట్ రాయాల్సింది, ఎఫెక్ట్ రాశావు. నువ్వు రాసినదాన్ని అక్షరాలా తీసుకుంటే ఈ మార్పు యూజర్లందరినీ పుట్టిస్తుందని అర్థం. అది బ్రహ్మదేవుడి డిపార్ట్‌మెంటు, మీ టీముది కాదు.

మీ లీడ్ అందరి ముందూ ఎత్తి చూపాడని ఏడ్చావట. ఆ పద్ధతి నాకూ నచ్చలేదు. కానీ తప్పు తప్పే. అది ఎలా వస్తుందో చెబుతాను, ఎందుకంటే ఇంతకంటే పెద్దది నేనే చేశాను.

బళ్ళో నీకు చెప్పే ఉంటారు: ఇంగ్లీషు ‘A’తో మొదలయ్యే అఫెక్ట్ క్రియ, ‘E’తో మొదలయ్యే ఎఫెక్ట్ నామవాచకం అని. నాకూ అదే చెప్పారు. ఆ సూత్రాన్ని నమ్ముకునే నేను మునిగాను.

డెబ్భైల్లో ఇక్కడ మద్రాసులో పారీస్ కార్నర్ దగ్గర ఒక సంస్థలో టైపిస్టుగా చేరాను. బీఏ కొత్తగా పాసయ్యాను కదా, కొంచెం పొగరు. ఒకరోజు మా మేనేజరు బొంబాయి వ్యాపారికి ఉత్తరం చేత్తో రాసిచ్చారు. శుక్రవారం లోపు ‘పేమెంట్ విల్ బి ఎఫెక్టెడ్’ అని ఉంది అందులో. క్రియ అయినప్పుడు ఎఫెక్ట్ ఎందుకుంటుంది, పాపం పెద్దాయన పొరపాటు పడ్డాడనుకుని దిద్దేసి, ‘అఫెక్టెడ్’ అని టైపు కొట్టాను. ఆయన నా మీద నమ్మకంతో చదవకుండానే సంతకం పెట్టారు.

మేనేజరు రాసినదానికి అర్థం, శుక్రవారం లోపు డబ్బు చెల్లిస్తామని. నేను కొట్టినదానికి అర్థం, శుక్రవారానికి చెల్లింపు దెబ్బతింటుందని. బొంబాయివాళ్ళు లారీ ఎక్కించాల్సిన సరుకు ఆపేసి టెలిగ్రామ్ ఇచ్చారు. మేనేజరు ట్రంక్ కాల్ బుక్ చేసుకుని, మధ్యాహ్నం దాకా కాచుకుని కూర్చుని వాళ్ళకి సర్దిచెప్పారు. తర్వాత నన్ను పిలిచి తన చిత్తుప్రతినీ నా కార్బన్ కాపీనీ పక్కపక్కన పెట్టి ‘పారుంగ’, అంటే చూడండి అన్నారు. అంతే, ఒక్క తిట్టు లేదు. తిట్టినా బాగుండేది.

అప్పుడు తెలిసింది, ఎఫెక్ట్ కూడా క్రియగా వస్తుందని. జరిపించడం, సాధించడం, చేసి ముగించడం అని దాని అర్థం. డబ్బు వ్యవహారాల్లో అది ఇప్పటికీ కనిపిస్తుంది. కనబడగానే దిద్దకు.

అసలు చిక్కు మాత్రం ఇంగ్లీషులో కంటే మన నోట్లో ఎక్కువ ఉంది. ఏ ఇంగ్లీషు మాటకైనా వెనక ‘చేయి’, ‘అవు’, ‘పడు’ తగిలిస్తే మనకి క్రియ తయారు. వానకి నెట్‌వర్క్ ఎఫెక్ట్ అయిందంటాం, వాన ఎఫెక్ట్ పడిందనీ అంటాం. ముందున్న ఇంగ్లీషు మాట నామవాచకమా, క్రియా అని చూసుకునే పనే లేదు. పర్సు లాస్ అయ్యానంటాం, అడ్వైస్ చేశాడంటాం. మాట్లాడుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు. ఆ అలవాటు కీబోర్డు మీదికి దిగినప్పుడే చిక్కు. పక్క సీటులో తమిళమ్మాయి ఉంది, చూసిపెడుతుందనుకోకు. మనం ‘చేయి’ అన్నట్టే వాళ్ళు ‘పణ్ణు’ తగిలిస్తారు, వాళ్ళకీ ఇదే జబ్బు. స్పెల్‌చెక్ అంటావా, రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి చాలాసార్లు నోరు మెదపదు.

అందుకని పంపే ముందు ఆ వాక్యాన్ని మనసులో తెలుగులో అనుకో, ఎఫెక్ట్ అన్న మాట లేకుండా. ‘దెబ్బ తగిలింది’, ‘ప్రభావం చూపింది’ అని వస్తే అఫెక్ట్. ‘ఫలితం’ అని ఒక పేరుగా నిలబడితే ఎఫెక్ట్. ‘జరిపించాం’, ‘తెచ్చాం’ అని వస్తే క్రియ అయినా సరే ఎఫెక్టే. 2015 డిసెంబరులో అడయారు పొంగి సైదాపేటలో ఇళ్ళు మునిగాయి, నువ్వప్పుడు చిన్నదానివి. ఆ వరద ఆ ఇళ్ళను అఫెక్ట్ చేసింది. నీళ్ళు తీశాక గోడలకి మిగిలిన చెమ్మ వరద ఎఫెక్ట్.

ఇంకో సంగతి నాకు సూత్రం కంటే బాగా పనికొచ్చింది. రెండు మాటలకీ మూలం లాటిన్‌లో ‘చేయడం’ అనే అర్థమున్న ఫాకెరే. ఒకదాని ముందు ‘వైపు’ అనే అర్థంతో అడ్ చేరింది, రెండోదాని ముందు ‘బయటికి’ అనే అర్థంతో ఎక్స్ చేరింది. అఫెక్ట్ ఒకదాని వైపు వెళ్ళి తాకుతుంది. ఎఫెక్ట్ అందులోంచి బయటికి వస్తుంది. సినిమా హాల్లో ఎగ్జిట్ బోర్డులో ఉన్నదీ ఆ ఎక్సే.

నీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూడు, ‘విత్ ఎఫెక్ట్ ఫ్రమ్’ అని ఒక తేదీ ఉండే ఉంటుంది. మన జీవోలకీ గెజిట్‌లకీ ప్రాణమైన పడికట్టు మాట అది. జీఎస్‌టీ 2017 జులై 1న ‘ఇన్‌టు ఎఫెక్ట్’ వచ్చిందన్నా, అంటే అమల్లోకి వచ్చిందన్నా, ఇదే ఎఫెక్ట్. అక్కడ అఫెక్ట్‌కి చోటే లేదు. అమెరికావాళ్ళకి రాసేటప్పుడు మాత్రం ‘ఎఫెక్టివ్ జులై 1’ అంటే చాలు.

సైకాలజీ వాళ్ళు అఫెక్ట్‌ను నామవాచకంగా, మొదటి అక్షరం ఒత్తి పలుకుతూ వాడతారు. నీకు అక్కర్లేదు, వదిలెయ్. ఎప్పుడైనా ‘పర్సనల్ ఎఫెక్ట్స్’ అని కనిపిస్తే మాత్రం అవి మనిషి వెంట ఉండే సామాన్లు, ఫలితాలు కావు.

ఇక రేపటి పని. ఆ మెయిల్‌కి రిప్లై పెట్టి, ఆ ఒక్క వాక్యం సరిచేసి రాయి, పైన సారీ ఒకటి చాలు. అరపేజీ సంజాయిషీ రాయకు, అందులో ఇంకో రెండు తప్పులు దొర్లుతాయి. ఆ సరిచేసిన వాక్యం పంపే ముందు నాకు చూపించు, పన్నెండయినా మేలుకునే ఉంటాను. వచ్చే ఆదివారం మీ నానమ్మ గోంగూర పచ్చడి చేస్తానంటోంది, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) నుంచి ఎంత దూరమైనా వచ్చి తీసుకెళ్ళు.

చిన్నతాతయ్య